‘రైలు వెళ్లిపోయింది’ అన్న మాటకు అర్థం మీ ఉత్తరంలోనే ఉంది

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఆటిజం ఉందని ఏడాది క్రితం వైద్యులు నిర్ధారించారు. వారానికి మూడు రోజులు థెరపీకి తీసుకువెళుతున్నాను. అక్కడ బాగానే ఉంటాడు గానీ ఇంట్లో రోజు గడవడమే కష్టంగా ఉంది. బొమ్మ కార్లు వరుసగా పేరుస్తున్నప్పుడు స్నానానికి పిలిస్తే చాలు, కేకలు పెడతాడు. మొన్న బడికి వెళ్లే దారి మూసేశారని వేరే దారిలో వెళితే నేల మీద పడి తల కొట్టుకున్నాడు. భయపడి పాత దారికే తిప్పినా ఏడుపు ఆగలేదు. ఇంటికి తెచ్చాక రెండు గంటలు నిద్రపోయాడు. బయట మరుగుదొడ్లలో చేతులు ఆరబెట్టే యంత్రం మోగితే చెవులు మూసుకుని పరుగెడతాడు. ఏది అడిగినా అడిగిన మాటనే తిరిగి అంటాడు. కోపం వచ్చినా భయం వేసినా సంబంధం లేకుండా ‘రైలు వెళ్లిపోయింది, రైలు వెళ్లిపోయింది’ అంటాడు. ముఖంలోకి చూడమంటే చూడడు. గారాబం చేసి చెడగొట్టానని మా అత్తగారు అంటారు. శరీరంలోని విషలోహాలను తీసేసే చికిత్స చేయిస్తే నయమవుతుందని ఒక బంధువు పట్టుబడుతున్నారు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ‘తమ్ముడు ఏం చేసినా ఏమీ అనరు, నన్నే తిడతారు’ అని అలుగుతోంది. నిరుడు ఒక ప్రయాణంలో రైలు తప్పిపోయి రాత్రంతా ప్లాట్‌ఫారం మీద గడిపాము. వచ్చే నెలలో మళ్లీ రైల్లో వెళ్లక తప్పదు, తలచుకుంటేనే భయంగా ఉంది. వీడిని మార్చడానికి నేనేం చేయాలి? - పేరు ప్రచురించవద్దని కోరిన ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ బాబు ‘సంబంధం లేకుండా’ రైలు వెళ్లిపోయిందని అంటాడని రాశారు. నా జవాబును ఆ మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ సంబంధమేమిటో అదే ఉత్తరం చివరలో మీరే చెప్పారు. నిరుడు రైలు తప్పిపోయిన రాత్రి మీలో ఎవరో ఒకరు, బహుశా ఒకసారి కాదు పదిసార్లు, ‘రైలు వెళ్లిపోయింది’ అని ఉంటారు. అన్నవారి గొంతులో ఆందోళన ఉండి ఉంటుంది. చుట్టూ కొత్త చోటు, పెద్ద శబ్దాలు, నిద్ర లేదు, జరగవలసినది జరగలేదు. అయిదేళ్ల పిల్లవాడు ఆ రాత్రినంతా ఆ రెండు మాటల్లో మూటకట్టి దాచుకున్నాడు. అనుకున్నది తప్పిపోయిన ప్రతిసారీ ఆ మూట విప్పి మీ ముందు పెడుతున్నాడు. రైలు అన్న మాటను కాసేపు పక్కన పెట్టి వినండి, ‘నాకు ఆ రాత్రిలాగానే ఉంది’ అన్నట్టు వినిపిస్తుంది.

ఇలాంటి మాటలను గమనించడం కొత్తేమీ కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంతోనే ఆటిజం అన్న మాట వైద్యలోకంలో ఈనాటి అర్థంలో స్థిరపడడం మొదలైంది. అందులో ఒక పిల్లవాడు వంటింటి గిన్నె కనబడినప్పుడల్లా ‘పీటర్ ఈటర్’ అనేవాడు. వినేవారికి అది అర్థం లేని గొణుగుడు. వాడికి రెండేళ్లున్నప్పుడు ఆ మాటలున్న పిల్లల పాట ఒకటి పాడి వినిపిస్తుండగా తన చేతిలోంచి గిన్నె జారిపడిందని తల్లి గుర్తు చేసుకున్నాక గానీ లంకె దొరకలేదు. గమనించండి, ఆ లంకెను చెప్పగలిగింది వైద్యుడు కాదు, తల్లి. మీ ఇంట్లో కూడా అంతే. థెరపిస్టుకు ఎంత చదువున్నా ఆ ప్లాట్‌ఫారం మీద ఆయన లేరు, మీరున్నారు.

విన్న మాటను తిరిగి అనడాన్ని ఎకోలేలియా అంటారు. ఒకప్పుడు దీన్ని చెడ్డ అలవాటుగా చూసి మాన్పించడానికి ప్రయత్నించేవారు. 1980ల నుంచి వచ్చిన పరిశీలనలు ఆ అభిప్రాయాన్ని చాలావరకు మార్చాయి. ‘నీళ్లు కావాలా?’ అని అడిగితే ‘నీళ్లు కావాలా’ అనే పిల్లవాడు అవునంటూ ఉండవచ్చు, అడిగినది అర్థం చేసుకోవడానికి వ్యవధి తీసుకుంటూ ఉండవచ్చు, లేదా సంభాషణలో తన వంతు వచ్చిందని తెలిసి ఉన్న మాటతోనే ఆ వంతు నిలబెట్టుకుంటూ ఉండవచ్చు. ఏది నిజమో ఆ మాట తరువాత వాడు చేసే పనిని బట్టి, గొంతును బట్టి పది రోజుల్లో మీకే పట్టుబడుతుంది.

వాడు విన్నదాన్ని విన్నట్టే దాచుకుంటాడు కాబట్టి, వాడి నోట రావలసిన రూపంలోనే మాటను అందించడం మంచిది. నీళ్ల గ్లాసు చూపిస్తూ ‘నీళ్లు కావాలా?’ అనే బదులు ‘నీళ్లు కావాలి’ అనండి. ఈ విషయంలో మన భాష మీకు కలిసి వస్తుంది. తెలుగు వాక్యంలో నేను, నువ్వు లేకుండానే పని నడుస్తుంది గనక, విన్న ‘నువ్వు’ను విన్నట్టే తనకు వాడుకునే సర్వనామాల తికమక చాలావరకు తప్పుతుంది. రైలు మాట వచ్చినప్పుడు ‘రైలు లేదురా, ఎక్కడుంది రైలు?’ అని వాదించకండి. పక్కన కూర్చుని, తగ్గిన గొంతుతో ‘రైలు వెళ్లిపోయింది. భయంగా ఉంది’ అనండి. వాడి మాటను ముందు ఒప్పుకుని, దానికి మీ మాటను జత చేస్తున్నారన్నమాట. నెలలు పట్టవచ్చు. ఏదో ఒక రోజు రెండో సగం ఒక్కటే వినబడవచ్చు, వినబడకపోనూవచ్చు. ఈలోగా కనీసం మీరిద్దరూ ఒకే సంగతి మాట్లాడుకుంటున్నారు. బొమ్మల కార్డుల ద్వారా గానీ ట్యాబ్ ద్వారా గానీ కావలసినది చెప్పడం నేర్పుదామని స్పీచ్ థెరపిస్టు అంటే, మాటలు రాకుండా పోతాయేమోనని వెనకాడకండి. అలాంటి సాధనాలు మాటను అడ్డుకున్నట్టు పరిశోధనల్లో కనబడలేదు, కొందరు పిల్లల్లో మాట కొద్దిగా పెరిగింది కూడా.

ఇక దారి సంగతి. మీ అత్తగారి లెక్కలో ఇది గారాబం వల్ల వచ్చిన మొండితనం. మొండికేసే పిల్లవాడి దృష్టి ఒకటి ఎప్పుడూ మన మీద ఉంటుంది. అడిగినది చేతికిస్తే ఏడుపు ఆపుతాడు, చూసేవారు వెళ్లిపోతే తగ్గిస్తాడు, తనకు దెబ్బ తగలకుండా జాగ్రత్తపడతాడు. మీరు వర్ణించిన దానిలో పాత దారికి తిప్పినా ఏడుపు ఆగలేదు, తల కొట్టుకున్నాడు, ఆ తరువాత ఒళ్లు తెలియకుండా రెండు గంటలు నిద్రపోయాడు. థెరపిస్టులు మెల్ట్‌డౌన్ అనేది ఇలాంటిదాన్నే. అప్పటికి వాడి చేతిలో వాడు లేడు. ఆ సమయంలో బహుమతులు, బెదిరింపులు, బుజ్జగింపులు మూడూ శబ్దాలుగా మాత్రమే చేరతాయి. తల కింద మెత్తనిది ఏదైనా పెట్టి, చుట్టూ చేరినవారిని పంపించివేసి, మాటలు తగ్గించి, దగ్గరగా ఉండండి. వాడికి గట్టిగా హత్తుకోవడం ఇష్టమైతే హత్తుకోండి, ముట్టుకుంటే పెరుగుతుందంటే ముట్టుకోకండి. తేరుకున్నాక జరిగినదాని మీద పాఠం చెప్పవద్దు. చాలామంది తల్లిదండ్రులు అక్కడే తొందరపడతారు. పిల్లవాడు అప్పుడే ఒడ్డుకు చేరాడు, మళ్లీ నీటిలోకి తోసినట్టవుతుంది.

దారి మారితే ఇంత ఎందుకు అంటారేమో. ఎదుటివారి గొంతు, ముఖం, తొందర చూసి తరువాత ఏం జరగబోతోందో మనం తెలియకుండానే అంచనా వేసుకుంటాము. దారి మూసేశారని ఎవరో అనగానే, ఇంకో రోడ్డు మీదుగా అదే బడికి చేరతామని మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ అంచనా అంత సులువుగా అందని పిల్లవాడికి నిన్న జరిగిన క్రమమే ఈనాటికి ఆధారం. ఆ మలుపు తిరగకపోతే బడి వస్తుందో రాదో, సాయంత్రం ఇల్లు వస్తుందో రాదో వాడికి నిజంగానే తెలియదు. అంటే వాడు దారి కోసం పట్టుబట్టడం లేదు, తరువాత ఏమిటో తెలియాలని పట్టుబడుతున్నాడు. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. దారిని మీరు ఎప్పుడూ నిలబెట్టలేరు, కానీ తరువాత ఏమిటో చెప్పడం మాత్రం దాదాపు ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది. మీ ఉత్తరంలోని కష్టాల్లో సగానికి పైగా ఈ ఒక్క లోటు నుంచి పుట్టినవేనని నా అభిప్రాయం.

చెప్పడం అంటే నోటితో చెప్పడం చాలదు. మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ నిలిచి ఉంటుంది. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ ఆధ్వర్యంలో రాష్ట్రమంతటా నడిచే కార్యక్రమంగా మొదలైన ‘టీచ్’ పద్ధతికి ప్రాణం ఇదే: రోజును కంటికి కనబడేలా అమర్చడం. మీరు పెద్ద చార్టులేమీ చేయనక్కర లేదు. వాడి సొంత పళ్ల బ్రష్షు, వాడి స్నానాల గది, వాడి బడి గేటు ఫోనులో ఫోటోలు తీసి అచ్చు వేయించండి. మార్కెట్లో దొరికే రంగురంగుల కార్టూన్ బ్రష్షు బొమ్మ వాడి బ్రష్షేనని వాడికి తోచకపోవచ్చు. మొదట నాలుగు ఫోటోలకు మించి వద్దు. అయిన పని ఫోటోను వాడే తీసి ‘అయిపోయింది’ అన్న డబ్బాలో వేయాలి; ఈ చిన్న పని మీద పిల్లలకు కలిగే ఇష్టం చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. జరుగుతుందో లేదో మీకే తెలియని దాన్ని ఆ వరుసలో ఎప్పుడూ పెట్టకండి. ‘మాట వినకపోతే పార్కు ఫోటో తీసేస్తాను’ అని ఒక్కసారి బెదిరించినా ఆ వరుస మీద వాడికి నమ్మకం పోతుంది.

మార్పుకు కూడా ఒక కార్డు ఉండాలి. ఏదైనా ప్రత్యేకమైన రంగు కాగితం చాలు. దాన్ని మొదటిసారి మూసేసిన దారికి వాడకండి. వాడికి ఇష్టమైన మార్పుకు, అంటే చదువుకునే వేళ తీసేసి ఊయల పెట్టడం వంటి దానికి, అయిదారుసార్లు వాడి, ఆ తరువాత ఇష్టమూ కష్టమూ లేని చిన్న మార్పులకు, చివరికి దారి వంటి వాటికి వాడండి. పిల్లవాడిని గట్టిపరచడానికి కావాలనే రోజుకో దారిలో తీసుకువెళ్లమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకండి. నమ్మకం కుదిరిన తరువాత మార్పును పెంచవచ్చు, నమ్మకం కుదరడానికి మార్పు మార్గం కాదు.

స్నానం సమస్య ఇందులోని భాగమే అయినా దానికి వేరే కిటుకు ఉంది. చాలామంది ఆటిజం పిల్లల ధ్యాస ఒకేచోట లోతుగా దిగుతుంది, అందులోంచి పైకి రావడానికి వ్యవధి కావాలి. ‘అయిదు నిమిషాల్లో’ అంటే వాడికి ఏమీ చెప్పనట్టే. ఇసుక గడియారం పెడితే సమయం జారుతున్నది కంటికి కనబడుతుంది. అంతకంటే మంచిది, ముగింపును వాడి పనిలోనే వెతకడం. కార్ల వరుస పక్కన మీరూ కూర్చుని కాసేపు చూసి, ఇంకా మూడు కార్లు మిగిలి ఉన్నప్పుడు ‘మూడు కార్లు, తరువాత స్నానం’ అని ఫోటో చూపండి. గడియారం చెప్పినప్పుడు కాక వరుస పూర్తయినప్పుడు లేవడం ఏ పిల్లవాడికైనా సులువు. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లం మనమూ పేజీ మధ్యలో పుస్తకం మూయమంటే విసుక్కుంటాము.

చేతులు ఆరబెట్టే యంత్రం విషయంలో నేను పూర్తిగా మీ బాబు పక్షమే. కెనడాకు చెందిన ఒక బాలిక ఈ యంత్రాల మోతను పిల్లల చెవుల ఎత్తులో కొలిచింది. పదమూడేళ్ల వయసులో, 2019లో, ఆమె పరిశీలన ఒక వైద్య పత్రికలో అచ్చయింది. అనేక యంత్రాల మోత 100 డెసిబెల్స్ దాటింది. యంత్రం గాలి వదిలే చోటు పెద్దవారి నడుముకు దగ్గరగా, పిల్లల చెవికి దగ్గరగా ఉంటుంది. మామూలు చెవికే ఇంత మోత అయితే, శబ్దాన్ని వడకట్టుకోలేని నాడీమండలం సంగతి ఊహించండి. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ వంటివి కొందరికి మరీ ఎక్కువగా, కొందరికి మరీ తక్కువగా తెలియడాన్ని 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. ఒకే పిల్లవాడు మోతకు చెవులు మూసుకుని, మోకాలు గీరుకుపోయినా పట్టించుకోకపోవచ్చు. నొప్పి తెలియడం లేదంటే దెబ్బ లేదని కాదు గనక, వాడి ఒంటిని రోజూ స్నానం వేళ ఒకసారి చూసుకోవడం మీ పనిగా పెట్టుకోండి.

మోతకు అలవాటు పడాలని యంత్రం దగ్గర నిలబెట్టే ప్రయత్నం ఎవరు చెప్పినా చేయకండి. చెవులపై పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు బ్యాగులో పైన, చెయ్యి పెట్టగానే అందే చోట ఉంచండి. ఒక చేతిగుడ్డ ఉంటే ఆ యంత్రం అవసరమే రాదు. అయితే ఇంట్లో రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టి ఉంచడం మంచిది కాదు, మామూలు శబ్దాలు కూడా అప్పుడు మరింత పెద్దవిగా తోచవచ్చు.

థెరపీలో బాగానే ఉండి ఇంట్లో ఎందుకు ఇలా అని మీరు అడగకపోయినా, ఆ ప్రశ్న మీ వాక్యాల వెనక ఉంది. బయట ఉన్నంతసేపూ వాడు వెలుతురును, మోతను, తోటివారి తాకిడిని ఓర్చుకుంటాడు, చెప్పినట్టు చేస్తాడు. ఆ ఓర్పు అంతా ఖర్చయిపోయాక ఇంటికి వస్తాడు. ఎవరి దగ్గర కూలబడినా ఫరవాలేదో వారి దగ్గరే కూలబడతాడు. కాబట్టి బడి నుంచి వచ్చిన తరువాత అరగంట ఏ ప్రశ్నలూ, ఏ పనులూ పెట్టకుండా, మసక వెలుతురులో, వాడికి హాయినిచ్చేది చేసుకోనివ్వండి. చేతులు ఊపుకుంటాడా, ముందుకీ వెనక్కీ ఊగుతాడా, ఊగనివ్వండి. అది వాడు తనను తాను సర్దుకునే పద్ధతి. ఒంటికి గాయం చేసుకునే పని అయితే మాత్రం ఆపి, దానికి బదులు ఏమి ఇవ్వాలో ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనుల్లో, శబ్దం, స్పర్శ వంటి ఇబ్బందుల్లో సాయపడే నిపుణులను, అడగాలి.

ఒక నోటుపుస్తకం పెట్టి రెండు వారాల పాటు, గొడవ జరిగిన ప్రతిసారీ దానికి ముందు గంటలో ఏం జరిగిందో రాయండి. నిద్ర ఎంత, కడుపు కదిలిందా, ఎక్కడున్నాడు, ఎవరున్నారు, ఏది మారింది. గొడవను వర్ణించడానికి పేజీలు ఖర్చు చేయకండి, అది మీకు తెలుసు. మామూలుగా ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి తల కొట్టుకోవడం, కరవడం మొదలుపెడితే థెరపిస్టు కంటే ముందు పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లండి. చెవిపోటు, పంటి నొప్పి, మలబద్ధకం చెప్పుకోలేని పిల్లలు వాటిని ఒంటితోనే చెబుతారు, ప్రవర్తన అనుకుని మనం వారాలు పోగొట్టుకుంటాము.

ముఖంలోకి చూడకపోవడం గురించి ఎక్కువ రాయను, కానీ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇలాంటి పిల్లలతో పని మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా పిల్లల గడ్డం పట్టుకుని ముఖం నా వైపు తిప్పుకునేదాన్ని. ఒక అమ్మాయి పెద్దయ్యాక ‘మీ కళ్లు చూస్తుంటే మీ మాట వినబడేది కాదు’ అని చెప్పింది. అప్పటి నుంచి మానేశాను. వాడు గోడను చూస్తూ మీ మాట వింటున్నాడేమో గమనించండి. తానూ ఆటిజం ఉన్నవాడైన బ్రిటన్ సామాజికశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక సూటి మాట రాశారు: ఆటిజం ఉన్నవారికి మిగతావారు ఎంత అర్థం కారో, మిగతావారికి వారూ అంతే అర్థం కారు, లోపం ఒక్క వైపే లేదు. నిజానికి రైలు మాట విషయంలో మీ ఇంట్లో జరుగుతున్నది కూడా అదే.

మీ అత్తగారి మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఆ వాక్యం రాసిన తీరులోనే తెలుస్తోంది. ఆమె ఒంటరి కాదు. 1950, 60లలో ఎంతో చదువుకున్న వైద్యులే తల్లి ప్రేమ చల్లబడడం వల్ల ఆటిజం వస్తుందని నమ్మారు, ఆ తల్లులను ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అని పిలిచారు. ఆటిజం ఉన్న ఒక కుర్రవాడి తండ్రి, మనస్తత్వశాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో దానిని ఎదిరించి, మూలం శరీరంలో ఉందని వాదించారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే పరిశోధకులు 21 జతల కవలలను పరిశీలించినప్పుడు, 11 ఏకరూప జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం కనబడింది, ఏకరూపులు కాని పది జతల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ కనబడలేదు. పుట్టుకతో వచ్చే వారసత్వ కారణాలకు ఎంత బలముందో ఆ తరువాతి పరిశోధనలు మరింత గట్టిగా చూపాయి. గారాబం మాట ఎక్కడా నిలవలేదు. కానీ ఇవన్నీ అత్తగారికి చెప్పి గెలవమని నేననను. ఆవిడకు ఒక పని అప్పగించండి. రాత్రి పడుకునే ముందు మరునాటి నాలుగు ఫోటోలను బాబుతో కలిసి వరుస పెట్టడం ఆవిడ వంతు అనండి. ఆ వరుస వల్ల ఉదయం ఏడుపు తగ్గడం కళ్లారా చూసినవారు మొండితనం అన్న మాటను తామే వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. వదలనివారినీ చూశాను, అటువంటప్పుడు ‘వైద్యులు ఇలా చేయమన్నారండీ’ అని ఊరుకోవడం మేలు.

బంధువు చెప్పిన చికిత్సకు మాత్రం మొహమాటం లేకుండా వద్దని చెప్పండి. దాన్ని కీలేషన్ అంటారు. సీసం వంటి లోహాల విషం నిజంగా ఎక్కినవారికి ఆసుపత్రిలో చేసే వైద్యం అది. ఆటిజానికి పని చేస్తుందనడానికి ఆధారం లేదు. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల పిల్లవాడు ఈ చికిత్స జరుగుతుండగా రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. రేపు ఆ బంధువే టీకాల వల్ల వచ్చిందని అనవచ్చు. ఆ ప్రచారానికి మూలం 1998లో 12 మంది పిల్లల మీద అచ్చయిన ఒక వ్యాసం. 2010లో దాన్ని అచ్చు వేసిన పత్రికే వెనక్కి తీసుకుంది, రాసిన వైద్యుడి లైసెన్సు అదే ఏడాది రద్దయింది. ఎవరు ఏ చికిత్స చెప్పినా ‘పూర్తిగా నయమవుతుంది’ అన్న మాట వినబడితే అక్కడితో సంభాషణ ముగించండి.

మీ అమ్మాయి ఫిర్యాదు న్యాయమైనది. ఆ మాట ముందు తనతో అనండి, కారణాలు తరువాత చెప్పవచ్చు. ‘నువ్వు పెద్దదానివి, సర్దుకోవాలి’ అన్న మాటను కొంతకాలం ఇంట్లో నిషేధించండి. ‘తమ్ముడి చెవులకు మోత మనకంటే పెద్దగా వినబడుతుంది, తరువాత ఏమవుతుందో తెలియకపోతే వాడికి చాలా భయం’ అంటే తొమ్మిదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. కానీ అర్థమైనంత మాత్రాన అలక పోదు. తన వస్తువులు తమ్ముడికి అందని చోట పెట్టుకునే అరమర, వారంలో ఒక సాయంత్రం తమ్ముడు లేకుండా మీతో గడిపే సమయం ఉండాలి. బాబు ఫోటోల వరుసలో ఆ సాయంత్రాన్ని కూడా పెట్టండి, అప్పుడు అది ఎవరి ఏడుపు వల్లనూ రద్దు కాదు. వాడిని చూసుకునే బాధ్యత తనకు అప్పగించకండి. కావాలని ఆడుకుంటే ఆడుకోనివ్వండి.

‘వీడిని మార్చడానికి నేనేం చేయాలి’ అన్న మీ ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వలేదని గమనించే ఉంటారు. నేను చెప్పిన పనులన్నీ వాడి చుట్టూ ఉన్నవాటిని మార్చేవే. వాడూ మారతాడు, నేర్చుకుంటాడు, కానీ భయం తగ్గిన పిల్లవాడే నేర్చుకోగలడు.

వచ్చే నెల ప్రయాణానికి ఇప్పటి నుంచే సిద్ధం కావచ్చు. వీలైతే ఒక సాయంత్రం, ఎక్కడికీ వెళ్లే పని లేకుండా, రద్దీ లేని వేళ స్టేషనుకు తీసుకువెళ్లి పావుగంట ఉండి, బాగుండగానే వచ్చేయండి. గేటు, మెట్లు, ప్లాట్‌ఫారం, పెట్టె తలుపు, మీరు కూర్చునే సీటు వంటిది, దిగే ఊరి స్టేషను, అక్కడ మీకోసం వచ్చేవారి ముఖం ఫోటోలుగా పెట్టి చిన్న పుస్తకంలా కుట్టండి. రోజూ ఒకసారి చూపించండి. ‘రైలు వస్తుంది. ఎక్కుతాను. కూర్చుంటాను. దిగుతాను’ అని వాడి నోట రావలసిన మాటల్లోనే చదవండి. ఆ పుస్తకంలో రైలు వెళ్లిపోయిన బొమ్మ కూడా ఒకటి తప్పకుండా ఉండాలి, దాని తరువాత పేజీలో బెంచీ మీద మీరు నలుగురూ కూర్చుని ఉన్న బొమ్మ, ఆ తరువాత పేజీలో మరో రైలు. దాన్ని దాచిపెడితే వాడికి తెలిసిన ఒకే ఒక్క రైలు కథ నిరుటిదే అవుతుంది. రైలు ఆలస్యమైతే చూపడానికి మార్పు కార్డు మీ జేబులో ఉంచుకోండి. వాడి పేరు, మీ ఫోను నంబరు రాసిన చీటీ చొక్కా లోపలి వైపు కుట్టండి. జనంలో చెయ్యి విడిపించుకుని పరుగెత్తే పిల్లవాడికి ఇది అవసరం. నాలుగు కార్లు వాడి జేబులో ఉండనివ్వండి. హెడ్‌ఫోన్లు స్టేషను గేటు దగ్గరే, మొదటి మోత వినబడక ముందే తగిలించండి.